పల్లేరువలస గంపమ్మ కోడిని ఒల్లని కథ

పల్లేరువలస దాటి జీడితోటల నడుమ నుంచి కొండవైపు నడిస్తే ఎర్రమట్టి మిట్టమీద గంపమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గుడి అన్నది పేరుకే. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద పెంకుల కప్పు, దాని కింద బోర్లించిన కోళ్లగంప ఆకారంలో ఒక నల్లరాయి. దానికి పసుపూ కుంకుమా తప్ప వేరే అలంకారం లేదు. కొత్తగా వచ్చిన భక్తులు అమ్మవారేరని అటూ ఇటూ చూడడం, పూజారిణి "ఆ గంప కింద ఉన్నాది, గట్టిగా మాటాడకండి" అనడం ఇక్కడ రోజూ జరిగేదే.

తక్కిన గ్రామదేవతల గుళ్లకు వెళ్లినట్టు కోడిని చంకన పెట్టుకుని వచ్చినవారికి మాత్రం ఇక్కడ చీవాట్లు తప్పవు. మిట్ట మొదట్లో పాతిన హద్దురాయి దాటి రెక్కలున్న ప్రాణిని తీసుకురాకూడదు. తెలియక తెచ్చినవారు అక్కడి నుంచే అమ్మకు దండం పెట్టి, కోడితో సహా ఇంటిదారి పట్టాలి. ఆ కోడికి ఆయుష్షు గట్టిదని పక్కవాళ్లు నవ్వుకుంటారు.

పూర్వం ఇక్కడ ఇటువంటి నియమం లేదు. అమ్మ పేరు కూడా గంపమ్మ కాదు, మిట్టమ్మ. ఏ కష్టం వచ్చినా ఊరు కోడిని తెచ్చేది. అయితే తెచ్చిన ప్రతి కోడినీ కోసేవారు కారు. దాని తలమీద పసుపునీళ్లు చల్లి చూసేవారు. తల విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, విదల్చకపోతే వద్దన్నట్టు. ఒప్పుకున్నదాన్ని కోసి ఇంటింటికీ కూర పంచేవారు. వద్దన్నదాన్ని అమ్మ ప్రసాదంగా ఇంటికి తీసుకుపోయి మళ్లీ పెరట్లో వదిలేవారు.

ఆ కాలంలో ఊరి చివరి ఇంట్లో పారమ్మ అనే ఆమె ఉండేది. పెనిమిటి పోయాడు, కడుపు పండలేదు. పెరట్లోని కోళ్లే ఆమె సంసారం. వాటితో మాట్లాడుతూనే వండేది, మాట్లాడుతూనే తినేది. "నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న ముసల్ది ఈవిడే" అని పొరుగువాళ్లు ఆమెను ఆటపట్టించేవారు. ఊరి సంగతేమో గానీ, ఆ కోళ్లు కూయకపోతే పారమ్మకు మాత్రం నిజంగానే తెల్లవారదు.

ఒక ఏడు, చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో, ఊళ్లో కోళ్లు చావడం మొదలైంది. సాయంత్రం గింజలు తిని గంప కింద చేరిన కోడి పొద్దున గంప ఎత్తితే బయటికి వచ్చేది కాదు. ముడుచుకుని కునికేది, మెడ వంకర తిరిగేది, మధ్యాహ్నానికి కాళ్లు చాచేసేది. ఏమి తిన్నదో, ఏ గాలి సోకిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఊరిపెద్ద పకీరు నాయుడు కన్నకొడుకులా పెంచుకున్న పందెంపుంజు అతని ఒళ్లోనే పోయింది. ఇది అమ్మ కోపమే తప్ప మరొకటి కాదని నాయుడు తేల్చాడు. ఇంటికొక కోడి చొప్పున మిట్టకు చేరాయి.

అక్కడే ఊరు పొరబడింది. ఒంట్లో సత్తువ ఉన్న కోడి నీళ్లు పడగానే తల విదిలించింది. దాన్ని కోశారు. తెగులు తగిలి కునుకుతున్న కోడి ఎన్ని నీళ్లు పడినా కదల్లేదు. దాన్ని అమ్మ వదిలేసిందని సంబరపడుతూ ఇంటికి తెచ్చి తక్కినవాటిలో కలిపారు. చావులు పెరిగాయి, పెరిగేకొద్దీ మిట్టకు మరిన్ని కోళ్లు వెళ్లాయి. ఇచ్చేకొద్దీ కోపం పెంచుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని ఒక్కరికీ తోచలేదు. భయం పట్టుకున్నప్పుడు ఎవరి బుద్ధయినా అంతే, ఆ ఊరిని ఒక్కదాన్నే అనవలసింది లేదు.

పారమ్మ కూడా తన తెల్లపెట్టను తీసుకువెళ్లింది. ఆ పెట్ట పొద్దుటి నుంచీ కొంచెం డీలాగా ఉంది. నీళ్లు చల్లితే కదల్లేదు. అమ్మ తన పెట్టను తనకే ఇచ్చిందని పారమ్మ పొంగిపోయి, దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చి పెరట్లో వదిలింది. మర్నాటి నుంచి పెరడు ఖాళీ కాసాగింది. ఆమె ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని మెడ నిమిరింది, వేలు గంజిలో ముంచి చుక్కచుక్కగా ముక్కులో వేసింది. ఏదీ నిలవలేదు. చివరికి వంటింటి మూల, గంప కింద గుడ్లు పొదుగుతున్న ఎర్రపెట్ట ఒక్కటే మిగిలింది.

ఊరు మొత్తం మీద తెగులు అంటని కోడి అదే. ఆ కబురు విని నాయుడు, తాను అక్క వరసతో పిలిచే పారమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అప్పా, ఆ పెట్టని అమ్మకిచ్చీ. ఊరికోసరం అడుగుతున్నాను" అన్నాడు.

"గుడ్ల మీదున్నాది బాబూ. పిల్లలైనాక పట్టుకెల్దువు గాని."

"అందాకా ఆగితే రేపు మన పిల్లలకి తగులుకుంటాదేమో! ఆలోచించుకో."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అనిపించుకునే ధైర్యం పారమ్మకు చాలలేదు. తలూపింది. మర్నాడు పొద్దు వాలేసరికి వస్తామని చెప్పి నాయుడు వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె పొయ్యి వెలిగించలేదు. గంప పక్కనే చేరగిలబడింది. ఎండవేళకు కన్నంటుకుంది. కలలో ఒక ఆడమనిషి వచ్చి గుమ్మంలో చతికిలబడింది. ఆమె చీర కుచ్చిళ్లకు ఈకలు అంటుకుని ఉన్నాయి. ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉంది. పసుపు పాదాలు చూడగానే పారమ్మకు ఆమె ఎవరో తెలిసిపోయింది.

"తల్లీ, నీకు పెట్టడానికి ఇంట్లో ఏటీ నేదు" అంది పారమ్మ.

"పెట్టకు. తిన్నది సాలు. ఎప్పుడైనా నానడిగినానేటి? కోడి తల ఆడించితే అది నా మాటని మీరే అనుకున్నారు."

"మరి మా కోళ్లెందుకు సచ్చిపోతన్నాయమ్మా?"

"అది నాకు తెలిస్తే నీ గుమ్మంలో కూకుని ఏడుస్తానేటి? నీ ఎర్రపెట్ట ఎందుకు బతికినాదో ముందు అది సెప్పు."

పారమ్మ ఆలోచించింది. "గుడ్ల మీదుండిపోయినాది. తక్కినవాటితో తిరగనేదు. మిట్టకీ రానేదు."

"అదిగో, నాకూ అంతే తెలుసు. కునికే కోడిని మంచిదానితో కలపొద్దు, ఇంకో ఇంటికి పంపొద్దు. సచ్చినదాన్ని తినొద్దు, ఏట్లో పారెయ్యొద్దు. గొయ్యి తీసి బూడిదపోసి కప్పెట్టండి. మిట్టకి మాత్రం తేవొద్దు. కావాలంటే నానే మీ ఇళ్లకొస్తాను. ఇప్పుడా పెట్ట రెక్కల కింద కూకున్నాను, నన్ను లేపీకు."

డప్పుల చప్పుడుకు పారమ్మకు మెలకువ వచ్చింది. నాయుడూ ఊరివాళ్లూ అప్పటికే వాకిట్లో ఉన్నారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి కల సంగతి చెప్పింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడికి కోపం వచ్చింది.

"మాటిచ్చి తప్పుతావేటప్పా? సరే, అమ్మనే అడుగుదాం. నీళ్లు సల్లుతాను. తల ఆడించిందా, పట్టుకెల్లిపోతాను."

రోగం లేని కోడి మీద నీళ్లు పడితే తల విదల్చకుండా ఉండడం ఆ ఏడు ఊళ్లో ఎవరూ చూడలేదు. పారమ్మ పక్కకు తప్పుకుని కళ్లు మూసుకుంది.

నాయుడు గంప ఎత్తి నీళ్లు చల్లాడు. ఎర్రపెట్ట రెక్కలు ఇంకా వెడల్పుగా పరిచి గుడ్లను కప్పుకుంది. తల కదల్చలేదు. మళ్లీ చల్లాడు. నీళ్లు జుట్టు మీద నుంచి ముక్కు కొసకు జారి బొట్లు బొట్లుగా పడుతున్నా అది అలాగే కూర్చుని నాయుడి ముఖంలోకి నిదానంగా చూసింది. అది కునికే కోడి చూపు కాదు. అప్పుడు రెక్కల కింద నుంచి సన్నగా కిచకిచ వినిపించింది. గుడ్డు పెంకు పగిలి, లోపల నుంచి ఒక ముక్కు బయటికి వచ్చింది.

నాయుడు అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. తన ఒళ్లో పోయిన పుంజు గుర్తొచ్చి కాబోలు, అంత మగవాడూ పైకండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ కండువాతోనే పెట్ట తల తుడిచి, చప్పుడు కాకుండా గంప బోర్లించాడు.

"డప్పులాపండి. అమ్మ పిల్లల్ని లేపుతున్నాది" అన్నాడు.

ఆనాటి నుంచి ఊరు అమ్మ చెప్పినట్టే చేసింది. తెగులు ఆ పూటే ఆగలేదు. పోయేవి పోయాయి. ప్రతి గొయ్యి దగ్గరా పారమ్మ నిలబడి, లోపల పెట్టిన కోడిని పేరుపెట్టి పిలిచి, వెళ్లి రమ్మనేది. మొదట సిగ్గుపడిన ఆడవాళ్లు తర్వాత తామూ పిలిచారు. చివరి గొయ్యి పూడ్చాక, వానలు పడి పెరళ్లన్నీ కడుక్కుపోయేదాకా ఎవరూ కొత్త కోడిని తేలేదు. ఆ పైన ఎర్రపెట్ట పిల్లలే ఇంటింటికీ వెళ్లి మళ్లీ సంతతి పెంచాయి. నాయుడు పారమ్మ గంపను అడిగి తీసుకుని మిట్టమ్మ రాతి మీద బోర్లించాడు. ఆ గంపే నేటి ఈ శిలగా మారిందని పెద్దలు చెబుతారు. నాటి నుంచి అమ్మ గంపమ్మ అయింది.

ఈనాటికీ ఈ చుట్టుపక్కల ఏ ఇంట కోడి కునికినా, ఆ ఇంటివారు వాకిట్లో గంప బోర్లిస్తారు. అది చూసి ఎవరూ ఆ పెరట్లోకి పోరు. ఏం పాపం చేశారని అడగరు. ఆ ఇంటికి కావలసిన కూరా నారా ఇరుగుపొరుగులే వీధరుగు మీద పెట్టి వెళతారు.

ఇక్కడికి వస్తే కోళ్లు చావవని గుడివారు మాట ఇవ్వరు. కోళ్లు పోయిన ఇంటి ఆడవాళ్లు ఖాళీ చేతులతో వచ్చి రాతి ముందు కూర్చుంటే, పూజారిణి గోత్రం అడగదు. "వాటిని ఏమని పిలిచేదానివమ్మా?" అని అడుగుతుంది. బొట్టి అనో, నల్లోడనో, ముద్దులమ్మ అనో వాళ్లు ఏడుస్తూ చెబుతారు. ఆమె ఆ పేరును మంత్రంలా పైకి పలికి, అమ్మ గంపమీద చిటికెడు పసుపు పెడుతుంది. వచ్చినవారు చివరి పేరు చెప్పేదాకా, పొద్దుగూకినా సరే, పూజారిణి మిట్ట దిగదు.