తమను తామే పట్టుకున్న శత్రువులు

నిజం చెప్పండి, ఆ ఉదయం ఆకాశంలో మీరేం చూశారు? ఒంటరి యుద్ధవిమానం ఒకటి, తన తోక తానే పట్టుకోవాలనుకునే కుక్కపిల్లలా గుండ్రంగా తిరుగుతోంది కదూ? అందులో ఉన్నది ఇందుమతి. శత్రువు కోసం వెతుకుతోంది. ఆ శత్రువు ఎందుకు రాలేదో వినండి.

మా వైమానిక స్థావరంలో ఒక దళం ఉంది. పరాయి దేశంలో కొన్న యుద్ధవిమానాలు నడుపుతుంది. శత్రువుగా నటించడమే దాని పని. ఆ దళాన్ని వెంటాడుతూ మన కుర్ర పైలట్లు యుద్ధం నేర్చుకుంటారు. దళపతి గవర్రాజు. "మన తెలివి చూస్తే ఆ విమానాలకే వణుకురా!" అని మీసం దువ్వేవాడు.

ఆ రోజు ఇందుమతికి ఆఖరి పరీక్ష. శత్రు విమానాన్ని తరిమి పట్టిందా, పైలట్ రెక్కల బ్యాడ్జి ఆమెదే. పట్టలేదా, జన్మంతా గోదాములో టైర్లకు కాపలా.

పరీక్ష పెట్టే పెద్దాఫీసరు కామేశం పొద్దున్నే వచ్చాడు. "గవర్రాజూ, ఇవాళ మీరు అచ్చం శత్రువులే. వెంట్రుకవాసి తేడా రాకూడదు," అన్నాడు.

అంతే. వంటాయన వేడి ఇడ్లీలు వడ్డించబోతే గవర్రాజు ప్లేటు తోసేశాడు. "శత్రువుకి ఇడ్లీ పెడతావా? సిగ్గులేదూ?" దళమంతా చప్పట్లు కొట్టి, ఖాళీ కడుపులతో విమానాల దగ్గరికి నడిచింది.

మెకానిక్ ఓబులేసు ఇంధనం గొట్టం పట్టుకొచ్చాడు.

"ఆగరా! శత్రువుకి మన ఇంధనమా?"

"మరి ఎలా ఎగురుతారు సార్?"

"అది శత్రువు తిప్పలు. నీకెందుకు?"

ఓబులేసుకీ నిజమే అనిపించింది. గొట్టం చుట్టేశాడు. అక్కడితో ఊరుకున్నాడా? "సార్, మరి శత్రువులు మన స్థావరంలో ఇలా విచ్చలవిడిగా తిరగొచ్చా?"

"అబ్బ, ఏం బుర్రరా నీది!"

ఇంకేముంది, దళమంతా చేతులెత్తి వరసగా నడిచి, కాపలా గదిలో కటకటాల వెనక దూరి, లోపలి నుంచే తాళం వేసుకుంది.

పైన ఇందుమతి రేడియోలో మొత్తుకుంటోంది. "గవర్రాజు గారూ, ఎక్కడున్నారండీ? నా ఇంధనం అయిపోతోంది!"

గవర్రాజు చేతి రేడియో అందుకున్నాడు. "ఖైదులో ఉన్నామమ్మా. పట్టుబడ్డాం."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఇంకెవరు, మేమే!"

"దండం పెడతాను, పైకి రండి. నా బతుకు గోదాము పాలవుతుంది!"

"ఖైదీలు పారిపోవచ్చా తల్లీ? అంత చదువుకున్నావు, ఆమాత్రం తెలీదూ?"

గత్యంతరం లేక ఇందుమతి దిగిపోయింది. కటకటాల దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి కామేశం అక్కడే రంకెలు వేస్తున్నాడు. "బయటికి రండి, దద్దమ్మల్లారా!"

"శత్రువుని వదిలేయమంటారా సార్? దేశద్రోహం కాదూ?" అన్నాడు గవర్రాజు. "ఒక్క గుండు పేలకుండా శత్రుదళం మొత్తం చిక్కింది. పట్టిందెవరు? మేము. మరి రెక్కలెవరికి?"

కామేశం గడ్డం గోక్కున్నాడు. "పట్టినవాడికే. రూలు రూలే."

"సార్!" అంది ఇందుమతి.

"నువ్వు పట్టావా? పట్టలేదు కదా. గోదాముకి నడు."

ఊచల సందులోంచి చెయ్యి పెట్టి, గవర్రాజు ఛాతీకి రెక్కల బ్యాడ్జి గుచ్చి, ఖైదీకి సెల్యూట్ కొట్టాడు కామేశం.

ఇందుమతి ఇప్పుడు టైర్ల మధ్య కూర్చుని ఉంది. మీరు చెప్పండి, ఆ పిల్లకు అసలు శత్రువు ఎవరు?