సాంబ్రాణి పట్టిన ఎలుక కూనలు

అనగనగా కొబ్బరితోటల నడుమ ఒక ఊళ్ళో గంగరత్నం అని ఒకావిడ ఉండేది, బుజ్జీ. ఊరంతా ఆవుల్ని, కోళ్ళని పెంచితే ఈవిడ తెల్లెలుకల్ని పెంచేది. నవ్వేవాళ్ళు నవ్వండి అనేది.

చెక్కపెట్టెలో మూడు ఆడ ఎలుకలు. వాటికి పెద్ద, మిరియం అనే ఎలుక. మహా పొగరుది. పక్కన వెదురుబుట్టలో జున్ను అనే బాలింత, అప్పుడే కళ్ళు తెరిచిన ఐదు కూనలు. వీటిని పెట్టెలోకి చేర్చాలి. తొందరపడితే కూనలు దక్కవు. ఎలుకకి చుట్టరికమంతా ముక్కులోనే. వాసన మారితే అయినవాళ్ళైనా పరాయివాళ్ళే.

అందుకే మొగుడి అక్క నరసాయమ్మకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. “వదినగారూ, కాలవకెళ్ళి బట్టలుతుక్కొస్తా. వాటి జోలికి పోకండి.”

పోకుండా ఉంటుందా మహాతల్లి? “నీళ్ళు లేవు, పొగ లేదు, ఇదేం పురుడే!” అనుకుంది. కూనలకి సున్నిపిండి రుద్ది నీళ్ళు పోసింది. ఆ తర్వాత నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి, మనవలకి పట్టినట్టు పొగ పట్టింది. అప్పుడు తల్లినీ పిల్లల్నీ తెచ్చి పెట్టెలో దింపింది. “మీ చెల్లెలొచ్చిందర్రా!”

మిరియానికి ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎవరివీ కంపు కూనలు? ఒక్క ఉదుటున చిన్నదాని చెవి కొరికింది. జున్ను అడ్డం పడి కీచుమంది.

అప్పుడే గంగరత్నం వచ్చింది. తడిబట్టలు గుమ్మంలోనే పారేసి, చెయ్యి పెట్టి కూనల్ని లాగింది. మిరియం ఆ చేతినీ కొరికింది. నెత్తురు కారుతున్నా చూసుకోలేదు.

“ఏం చేశారు?”

“శుభ్రం చేశానే!”

“మీ శుభ్రం తగలెయ్య! ఎలుకలకి పురుడు పొయ్యమని మిమ్మల్నెవరు పిలిచారు?”

ఆనాటినుంచి ఆవిడతో మాటలు మానేసింది. వాసనలు కలవాలని మొదటిరోజు కూనల కింది గుడ్డ తీసి పెట్టెలో వేసింది, పెట్టెలోది తెచ్చి కూనల కింద పరిచింది. మిరియం ఆ గుడ్డని పీలికలు చేసింది. రెండోరోజు మళ్ళీ మార్చింది. మిరియం వాసన చూసి చూసి, దానిమీదే పడుకుంది. మూడోరోజు ఎవరి సొంతమూ కాని చోటు కావాలని, రాతితొట్టి కడిగి ఆరబెట్టి, చద్దన్నం ముద్ద పెట్టి అందర్నీ అందులో వదిలింది. చేతికి తువ్వాలు చుట్టుకుని, తొట్టి పక్కనే కూర్చుంది.

మిరియం నేరుగా చెవి తెగిన కూన దగ్గరికే నడిచింది. జున్ను పళ్ళు చూపించింది. మిరియం ఆగింది. ముక్కు ఆడించింది. అప్పుడు ఆ తెగిన చెవినే మెల్లగా నాకింది.

నరసాయమ్మ ఇకిలించింది. “చూశావటే రత్నం, అవే కలిసిపోయాయి. ఇక నువ్వూ ఆ మూతి ముడుపు విప్పు.”

గంగరత్నం తలైనా తిప్పలేదు.

“అవి ఎలుకలండీ, వదినగారూ. మూడు రోజుల్లో మరిచిపోయాయి. నేను మనిషిని.”

కథేమో కంచి దారి పట్టింది,
కూనేమో తల్లి పొట్ట పట్టింది,
నిద్దరేమో నీ రెప్ప పట్టింది,
ఇక మనం మన ఇంటికి, బుజ్జీ.