దుప్పులకు కుదిరిన కషాయం

ఆ ఏడు మల్లెకొండ అడవిలో పిట్టలు కూడా గొంతు తగ్గించి కూశాయంటే నమ్మండి. వచ్చిన జబ్బు అలాంటిది మరి! పట్టుకుందంటే చాలు, ఉన్నచోటే నిలబడిపోవడమే. కళ్ళు తెరిచే ఉంటాయి, రెప్ప పడదు. కంటి మీద ఈగ వాలినా కదలరు. అన్నిటికంటే వింత ఏంటంటే, జబ్బు పడ్డవాళ్ళందరూ ఒకే దిక్కుకి, లోయ వైపుకే తిరిగి ఉండేవాళ్ళు.

ముళ్లపంది అంకాలు కొడుకు గురవడికీ అదే వచ్చింది. మూడు రోజులుగా బొరియలో రాయిలా నిలబడ్డాడు. వాడి ముళ్ళు మాత్రం గాలి లేకుండానే గలగలమంటున్నాయి.

అడవికి వైద్యుడు నక్క భూషయ్య. ఏదో బెరడు కాచి కషాయం తీశాడు. మిట్టమధ్యాహ్నం, దుప్పులు నాకడానికి వచ్చే ఉప్పునేల దగ్గర, జబ్బు పడ్డ ఇరవై దుప్పులకి తలా ఒక దొప్పెడు పట్టించాడు. ఇరవైకి ఇరవై గంతులేశాయి. ఇంకేం, "అందరికీ దొప్పెడు చొప్పున!" అని చాటింపు వేయించేశాడు.

ఆ రాత్రి అంకాలు కూడా దొప్ప తెచ్చుకుంది. కొడుకు నోటి దాకా తీసుకెళ్ళింది. అంతలో పక్క బొరియలో అలికిడైతే తల బయటపెట్టి చూసింది. పందికొక్కు ఎంకాయమ్మ తన పిల్లకి అప్పటికే మందు పోసేసింది. పిల్ల కదిలింది! కానీ కళ్ళు మూసుకుని, ఎవరి మాటా వినకుండా, లోయ వైపు నడక మొదలుపెట్టింది.

"ఒసే, ఆగవే! నేనే, అమ్మని!" అంటూ ఎంకాయమ్మ వెంటపడింది. పొగమంచులో కాసేపు పిల్ల అడుగుల చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

తెల్లారాక అంకాలు తన దొప్ప ఒలక్కుండా పట్టుకుని ఉప్పునేలకి నడిచింది. అడవంతా అక్కడే ఉంది.

"భూషయ్యన్నా, నీ మందు తాగి ఎంకాయమ్మ పిల్ల లోయలోకి వెళ్ళిపోయింది. ఈ మందు ఎవరెవరికి పోసి చూశావు?"

"ఇరవై మందికమ్మా, ఇరవై!"

"ఇరవై మందీ దుప్పులేగా. బొరియల వాళ్ళం ఒక్కరమైనా ఉన్నామా?"

"పిలిచాను. మీరే రాలేదు."

"పగలంతా పడుకునేవాళ్ళని మిట్టమధ్యాహ్నం పిలిస్తే ఎలా వస్తారు? అదీ పిలవడమేనా?"

"ఎవరి ఒళ్ళైనా ఒళ్ళేనమ్మా. నాకు వైద్యం నేర్పకు."

"సరే, అయితే ఇది నువ్వు తాగు. నువ్వూ దుప్పివి కావుగా."

అందరూ నక్క మూతి వైపే చూశారు. భూషయ్య నవ్వి, దొప్ప ఎత్తి గటగటా తాగేశాడు. "చూశారా, నాకేమీ..." అన్నాడు. మాట అక్కడే ఆగింది. కళ్ళు మూతపడ్డాయి. నవ్వు మాత్రం మూతి మీద అలాగే ఉండిపోయింది. మెల్లగా లోయ వైపు తిరిగి నడవసాగాడు.

దుప్పులు కొమ్ములు అడ్డం పెట్టాయి. కొమ్ములు గుచ్చుకుంటున్నా ఆగడే! తీగలతో చెట్టుకి కట్టేశారు. రాత్రీ పగలూ అక్కడే నాలుగు కాళ్ళూ ఆడిస్తూ ఉన్నాడు.

మెలకువ వచ్చాక అంకాలు వైపు తిరిగాడు. "కింద ఎవరో రమ్మని పిలిచారు అంకాలూ. చిన్న గొంతు... ఎంకాయమ్మ పిల్లదిలా ఉంది."

ఎంకాయమ్మ తల ఎత్తలేదు.

"మళ్ళీ చూద్దాం అన్నా," అంది అంకాలు. "ఈసారి పొద్దువాలాక, మా గుమ్మాల దగ్గర. దొప్పతో వద్దు, చుక్కతో మొదలుపెట్టు. జరిగింది దాచకుండా చెప్పి అడుగు. ముందు నా కొడుకుతోనే చూడు, నేను పక్కనే ఉంటాను."

భూషయ్య బొరియ బొరియకీ వెళ్ళి, తన తప్పు తానే చెప్పుకుని, ఒప్పుకున్నవాళ్ళకే, అదీ గురవడి తర్వాతే, మందు పోస్తానన్నాడు. గురవడికి మొదటి సాయంత్రం ఒక చుక్క, ఏమీ లేదు. రెండో సాయంత్రం రెండు, ముళ్ళ గలగల ఆగింది. మూడో సాయంత్రం మూడు.

రెప్ప పడింది.

"అమ్మా, దాహం," అన్నాడు గురవడు, తల్లి వైపు తిరిగి.

"దుప్పికి దొప్పెడు, ముళ్లపందికి మూడు చుక్కలు," అన్నాడు నక్క తోక ముడుచుకుని. "మిగతావాళ్ళకి ఎంతో నాకింకా తెలీదు."

నీతి: పరీక్షలో చేర్చుకోని ఒంట్లోకి పోసేది మందు కాదు, పందెం.