తుడిచేసిన నలుసు

"మాస్టారూ, నేను ఆకు తెంపానా? గుడ్డు ముట్టుకున్నానా? మరి నా ఫొటో ఎందుకు పక్కన పడేశారు?"

తనూజ గొంతు పెంచే అడిగింది. అడగదూ మరి! గవరయ్య మాస్టారు అడవిలో పురుగుల్ని దగ్గరగా ఫొటో తీయడం నేర్పే మనిషి. ఏడాదికోసారి శిష్యుల ఫొటోలు పది ఏరి పట్నంలో ప్రదర్శనకు పంపుతారు. ఆ పదింట్లో చోటు కోసం ఆమె మూడేళ్లుగా కొండలెక్కుతోంది. ఈమధ్య నారింజ రంగు పురుగొకటి ఆకు అడుగున పెట్టిన గుడ్ల కోసం తడి నేల మీద గంటసేపు వెల్లకిలా పడుకుంది. తెల్లటి గుడ్లు నలభై, ఒక్కోదాని అంచు గీసినట్టు వచ్చింది. దాన్ని కాదని ఎవరో తీసిన మసక బొమ్మను ఏరితే ఒళ్లు మండదా?

మాస్టారు వాదన పెట్టుకునే రకం కాదు. "ఆ గుడ్ల మీద తల్లి కూర్చునుండాలే. ఏదీ?" అన్నారు.

"అడ్డంగా ఉందని బ్రష్‌తో మెల్లగా పక్కకు జరిపాను. పది నిమిషాలే! దెబ్బ కూడా తగల్లేదు."

"ఈ మూల ఏదో తుడిచావు?"

"దుమ్ము నలుసు. కంప్యూటర్లో తీసేశాను. అదీ తప్పేనా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. "కెమెరా పట్టుకుని నడు" అని చెప్పులేసుకున్నారు.

ఇద్దరూ కొండెక్కి ఆ ఆకు దగ్గరికి వెళ్లారు. ఫొటో తీసి ఆరు రోజులైంది. తల్లి పురుగు ఎప్పుడో తిరిగొచ్చి గుడ్ల మీదే కూర్చుంది. తనూజ ఆకును కదపకుండా కిందికి వంగి చూసింది. తల్లి ఒంటి కింద నుంచి కనిపిస్తున్న గుడ్లలో సగం ఎర్రబడ్డాయి, సగం బొగ్గులా నల్లబడ్డాయి.

"ఎర్రటివాటిలోంచి దీని పిల్లలొస్తాయి. నల్లటివాటిలోంచి కందిరీగలొస్తాయి. తుడవని ఫొటో ఉందా నీ దగ్గర?"

ఉంది. కెమెరాలో తెరిచి పెద్దది చేసింది. దుమ్ము నలుసుకు రెక్కలున్నాయి, కాళ్లున్నాయి. ఆవగింజలో పదోవంతు లేని కందిరీగ, పురుగు గుడ్డులోకి తోక దించి తన గుడ్డు పెడుతూ నిలబడి ఉంది.

తనూజకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కోపం ఊరుకోనిస్తుందా, మాస్టారి మీదికే తిరిగింది.

"తల్లిని జరపకూడదని మాకు ఎన్నడైనా చెప్పారా మీరు?"

"లేదు. అది కూడా చెప్పాలని నాకు తట్టలేదు."

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరా సంచిలో పెట్టేయబోతుంటే దాని నీడ ఆకు మీద పడింది. పురుగు వెంటనే వీపును నీడ వైపు వంచి, ఎర్రవీ నల్లవీ అన్న తేడా లేకుండా గుడ్లన్నిటినీ కప్పుకుంది.

మాస్టారు ఆ పురుగునే చూస్తూ అన్నారు:

"అది అడ్డంగా కూర్చున్నది నీకు కాదమ్మా."