విశ్రాంతమ్మ పెట్టిన పాకం

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగే రోజుల్లో, ఉప్పుటేరు ఒడ్డున ఒక పాలెం ఉండేది. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే కథ కునుకు తీస్తుంది. ఆ పాలెంలో యేసుప్రభువు తాటాకు గుడి ఒకటి, వీధులు రెండు, ఆ రెండు వీధుల మధ్యా ఎవరిదీ కాని ఖాళీ జాగా. ఆ జాగా చివర, నడిమి గుంజ ఒక్కటే ఉన్న ఒంటి నిట్టాడి గుడిసెలో విశ్రాంతమ్మ ఉండేది.

పేరుకే విశ్రాంతమ్మ. ఆమెకి విశ్రాంతి ఎక్కడిది? మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఉన్నదల్లా ఒక రోలు, ఒక రోకలి. వడ్లు దంచమంటే దంచేది, పిండి కొట్టమంటే కొట్టేది. క్రిస్మస్ ముందు ఆగమన కాలం వచ్చిందంటే మరీను, ఇంటింటి అరిసెల పిండీ ఆమె రోట్లో పడాల్సిందే. కూలికి ఒకరు గుప్పెడు బియ్యం పోసేవాళ్ళు, ఒకరు బెల్లంముక్క ఇచ్చేవాళ్ళు, ఒకరు "రేపు రా" అనేవాళ్ళు. మూడింటికీ ఒకటే నవ్వు నవ్వి ఇంటికి పోయేది.

ఆమెకి ప్రాణస్నేహితురాలు దీనమ్మ. దీనమ్మకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది సువార్తమ్మని తూర్పు వీధిలో ఇచ్చారు, చిన్నది కరుణమ్మని పడమటి వీధిలో ఇచ్చారు. దీనమ్మ మంచాన పడితే పెద్దది తన ఇంట్లో పెట్టుకుని నెలల తరబడి సేవ చేసింది. ప్రాణం పోయే రోజున చిన్నది ఏటి అవతల కోతకి వెళ్ళింది. కబురు విని పరిగెత్తుకొచ్చేసరికి పడవ ఈ ఒడ్డునుంది. పడవ అటు వెళ్ళి, ఆమెని ఎక్కించుకుని వచ్చేసరికి తల్లి కన్నుమూసింది.

శవం ఇంకా ఇంట్లోనే ఉంది. పెద్దది గుమ్మంలో నిలబడి అనేసింది.

"కావాలనే రాలేదు నువ్వు. చెయ్యాల్సొస్తుందని తప్పించుకు తిరిగావు. ఇక నా గడప తొక్కకు!"

చిన్నది మాత్రం ఊరుకుంటుందా? "తొక్కను! నువ్వూ నా గడప తొక్కకు. తొక్కితే అమ్మ మీద ఒట్టు!"

ఆనాటి నుంచి అక్క తూర్పు చూస్తే చెల్లి పడమర చూసేది. నీళ్ళ రేవులో అక్క తూర్పు, చెల్లి పడమర. గుడిలో కూచున్నా అంతే. వాళ్ళ మొగుళ్ళిద్దరూ మాత్రం గట్టు చాటున చుట్టలు పంచుకునేవాళ్ళట. అది వేరే సంగతి లెండి.

ఇదంతా చూసి విశ్రాంతమ్మ గుండె చెరువయ్యేది. ఎందుకంటే పోయే ముందు దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "విశ్రాంతం, నా పిల్లలిద్దరికీ నోటి దురుసే. నేను పోతే విడిపోతారు. ఎలాగో ఒకలాగ ఒక్కచోట కూచోబెట్టవే" అంది. "అలాగేనే" అని ఈమె మాటిచ్చింది. ఇచ్చి ఎన్నో ఏళ్ళయిపోయింది. మాట మాటగానే ఉండిపోయింది.

ఒక ఏడు ఆగమన కాలంలో విశ్రాంతమ్మకి రోకలి పైకి లేవలేదు. గుండెల్లో పట్టేసింది, ఒళ్ళంతా చెమటలు పోశాయి. రోటి మీద కూలబడి అనుకుంది: "ఇంకో పండగ చూసేదాన్ని కాను. పైన దీనమ్మ ఎదురొచ్చి 'నా పిల్లల్ని కలిపావా?' అంటే ఏ మొహం పెట్టుకుని చూడనే తల్లీ!" చావంటే ఆమెకి భయం లేదు. ఆ ఒక్క ప్రశ్నంటేనే భయం.

వాళ్ళది బీద గుడి, కొవ్వొత్తులు కొనే స్తోమత లేదు. అయ్యగారు నాలుగు మట్టి ప్రమిదలు పెట్టి, పండక్కి ముందు వారానికొకటి వెలిగించేవారు. మొదటి వారం నిరీక్షణ దీపం వెలిగింది. విశ్రాంతమ్మ తూర్పు వీధికి నడిచింది.

"పెద్దదానా, ఒక్కసారి చెల్లిని పలకరించవే."

"అన్నం పెట్టమను పిన్నమ్మా, పెడతాను. చీర ఇమ్మను, ఇస్తాను. దాని పేరు మాత్రం నా దగ్గర ఎత్తకు."

"పండక్కింకా రోజులున్నాయిలే" అని విశ్రాంతమ్మ లేచి వచ్చేసింది.

రెండో వారం సమాధానపు దీపం, అంటే శాంతి దీపం వెలిగింది. ఈసారి అయ్యగారిని బతిమాలి పడమటి వీధికి పంపింది. అయ్యగారు వాక్యం చదివారు, ప్రార్థన చేశారు. కరుణమ్మ చెంగు తలమీద కప్పుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. అంతా అయ్యాక, "దేవుడి మాటంటే నాకు ప్రాణమండీ అయ్యగారూ. కానీ మా అమ్మ మీద ఒట్టేశానండీ, ఆ గడప తొక్కితే ఎలాగండీ?" అని చెంబుడు మజ్జిగ ఇచ్చింది. అయ్యగారు మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని వచ్చేశారు.

"పండక్కింకా రోజులున్నాయిలే" అంది విశ్రాంతమ్మ. అందే గానీ, ఈసారి ఆ రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

మూడో వారం సంతోషపు దీపం వెలిగింది. గుడిలో ఆ దీపం చూస్తూ కూచున్న విశ్రాంతమ్మకి ఉన్నట్టుండి తట్టింది. "ఓసి నా బుద్ధి మండా! ఒట్టు గడప మీద కదా పెట్టుకున్నారు, పొయ్యి మీద కాదుగా!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం రెండు వీధుల మధ్య ఖాళీ జాగాలో మూడు రాళ్ళు పెట్టింది. గడపా లేదు, గుమ్మమూ లేదు. పక్కన పిండి చేటా, నూనె మూకుడూ పెట్టుకుంది. రాళ్ళ మీద ఇత్తడి గిన్నె ఎక్కించి, కూలికొచ్చిన బెల్లమంతా అందులో వేసింది. ఏడాది పాటు నోట్లో ముక్క వేసుకోకుండా దాచుకున్న బెల్లం అది. ఊరందరికీ అరిసెల పిండి కొట్టిన మనిషి తనకంటూ ఏనాడూ అరిసె వండుకోలేదు. ఎలా వండుకుంటుంది? అరిసెలు ఒంటిచేత్తో అయ్యే పనా? ఒకరు పాకం తిప్పాలి, ఒకరు పిండి పొయ్యాలి, ఒకరు నూనెలోంచి తీసి ఒత్తాలి.

పాకం కుతకుతలాడింది. నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే ఉండ కట్టింది. ఇక క్షణం ఆగినా రాయైపోతుంది. విశ్రాంతమ్మ తూర్పుకి తిరిగి కేకేసింది.

"పెద్దదానా! పాకం వచ్చేసిందే! తెడ్డు పట్టే దిక్కు లేదే!"

పడమరకి తిరిగి కేకేసింది.

"చిన్నదానా! పాకం ముదిరిపోతోందే! పిండి పోసే నాథుడు లేడే!"

మన ఆడవాళ్ళ సంగతి తెలిసిందేగా. పాకం ముదిరిపోతోందంటే చంకలో పిల్లని కూడా దింపి పరిగెడతారు. అటు నుంచి అక్క వచ్చింది, ఇటు నుంచి చెల్లి వచ్చింది. ఒకరినొకరు చూసుకుని ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అక్క తూర్పు చూసింది, చెల్లి పడమర చూసింది.

అప్పుడు విశ్రాంతమ్మకి నిజంగానే గుండెల్లో పట్టేసింది. అది ఆమె వేసిన ఎత్తులో లేదు, పాపం. చేతిలో తెడ్డు జారింది, మనిషి రాళ్ళ పక్కన కూలిపోయింది.

"పిన్నమ్మా!" అని ఇద్దరూ ఒక్కసారే వచ్చి పడ్డారు.

విశ్రాంతమ్మ వాళ్ళని తోసేసింది. "నన్ను చూడకండే, పాకం చూడండి!"

అక్క తెడ్డు అందుకుంది. చెల్లి చేట అందుకుంది. ఒకరు తిప్పుతున్నారు, ఒకరు పోస్తున్నారు, మాట లేదు. చెల్లి చేట్లోంచి పిండి గుభాలున పడింది. అక్కకి ఇక ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు.

"సన్నగా పొయ్యవే!"

"పోస్తున్నాగా! ముందు నువ్వు అడుగంటకుండా తిప్పు!"

"తిప్పుతూనే ఉన్నాను. నీకెప్పుడూ తొందరే."

"అమ్మ కూడా ఇదే మాట అనేది" అంది చెల్లి.

చేతులు ఆపడానికి లేదు, పాకం ఆగనివ్వదు. పారిపోవడానికీ లేదు. అక్క గిన్నెలోకి చూస్తూనే అంది: "ఆఖర్న అమ్మ నీ పేరే తలిచిందే. 'చిన్నది వచ్చిందా, చిన్నది వచ్చిందా' అని. అన్నాళ్ళు మంచం కింద అన్నీ ఎత్తిపోసిందాన్ని నేను, తలుచుకుంది నిన్ను. అది ఓర్వలేక నిన్నలా అనేశాను."

చెల్లి పిండి పోస్తూనే ఏడ్చింది. "పడవ ఇవతలుందక్కా. గొంతు చించుకుని అరిచాను. గాలికి ఎవరికీ వినపళ్ళేదు."

"తెలుసే. నాకు అప్పుడే తెలుసు."

ఆ మాట అనడానికి అక్కకి అన్నేళ్ళు పట్టింది. గిన్నె కిందికి దించేదాకా ఇద్దరూ తలెత్తలేదు. దించాక అక్క చెల్లిని వాటేసుకుంది. పిండి చేతులు, బెల్లం చేతులు, చీరలన్నీ ఖరాబు. రెండు వీధుల జనమూ చుట్టూ నిలబడి ముక్కులు చీదుకున్నారు.

చెల్లి నూనెలో వేసింది, అక్క రెండు చెక్కల మధ్య ఒత్తింది. మొదటి అరిసె విశ్రాంతమ్మ నోటికి అందించారు. ఆమె బోసినోటితో చప్పరించి, "పాకం కాస్త ముదిరిందే" అని వంక పెట్టింది. పెట్టి, మొత్తం తినేసింది. అంత సంతోషం ఆ ముఖంలో ఎవరూ ఎన్నడూ చూడలేదట.

"మా ఇంటికి రా పిన్నమ్మా" అంది అక్క. "కాదు, మా ఇంటికే" అంది చెల్లి. చివరికి ఎవరిదో మంచం తెచ్చి పడుకోబెట్టి, ఇద్దరూ కలిసి మోసుకెళ్ళి చెల్లి ఇంట్లో దించారు. దించాక గానీ గడప దాటిన సంగతి అక్కకి గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి బిక్కచచ్చి నిలబడితే, "అమ్మే దాటించిందిలే, కూచో" అని చెల్లి పీట వాల్చింది.

క్రిస్మస్ నాడు విశ్రాంతమ్మ ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, రొట్టే ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి నడిచింది. కొత్త సంవత్సరం రాకముందే, పడుకున్నది పడుకున్నట్టే వెళ్ళిపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే చాప మీద కూచుని ఆమె కోసం ఏడ్చారు.

ఆ పాలెంలో ఇప్పటికీ, సంతోషపు దీపం వెలిగిన మర్నాడు ఎవరూ ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఖాళీ జాగాలో మూడు రాళ్ళు పెడతారు. పాకం ఉండ కట్టగానే పెద్దావిడ ఒకావిడ లేచి, "ఈ ఏడు ఎవరికి ఎవరితో మాటల్లేవే?" అని అడుగుతుంది. ఒకరి చేతికి తెడ్డు ఇస్తారు, ఆ రెండోవాళ్ళ చేతికి చేట ఇస్తారు. సిగ్గుపడుతూ కూచుంటే పాకం రాయైపోతుంది కాబట్టి ఎవరూ సిగ్గుపడరు.

సువార్తమ్మా, కరుణమ్మా బతికున్నన్నాళ్ళూ ఆ వారం రాగానే పనిగట్టుకుని జగడమాడుకునేవాళ్ళట. ఉప్పు బాకీ అని ఒక ఏడు, కోడి గింజలు తినేసిందని ఒక ఏడు. అంతా ఉత్తుత్తి జగడమని ఊరందరికీ తెలుసు. అయినా తెడ్డూ చేటా వాళ్ళకే ఇచ్చేవాళ్ళు. అక్క చనిపోయిన ఏడు చెల్లి ఒక్కతే వచ్చి చేట పట్టుకుని నిలబడింది. "నీకెవరితో మాటల్లేవే?" అని పెద్దావిడ అడిగితే, "మా అక్కతో" అందట.

ఆ ఏడు ఊరు ఊరంతా తెడ్డు మీద చెయ్యి వేసింది.