తెర ఎత్తి పట్టిన మధ్యాహ్నం

"సువర్చలా! వినబడటం లేదు!"

చివరి వరసలోంచి నాటకం నేర్పే హేడ్విగ్ మేడమ్ కేకేసింది. ఖాళీ కుర్చీలన్నీ దాటుకుని ఆ కేక రంగస్థలం మీద నిలబడ్డ సువర్చలకు సూటిగా తగిలింది. ఆమె గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"అయ్యలారా, కోట తలుపు తీయండి. నేను పరదేశిని..."

"ఊహూ. ఇంకా లేదు."

అది జర్మనీలో హాలే అనే పట్నం. నాటకాల చరిత్ర చదువుకోవడానికి కర్నూలు దగ్గరి పల్లె నుంచి సువర్చల అంత దూరం వెళ్లింది. వెనకటికి జర్మన్ నాటక సమాజాలు బండ్లు కట్టుకుని ఊరూరా తిరిగి ఆడిన ఆటల్లో ఒకదాన్ని ఈ శనివారం విద్యార్థులు ఆడాలి. కోట తలుపు ముందు నిలబడి ఆశ్రయం అడిగే ఆడమనిషి వేషం సువర్చలది. మాట చివరి వరసకు చేరకపోతే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆ వేషాన్ని పట్టుకునే ఆమె ఆ చలికాలమంతా గడుపుకొచ్చింది. పొద్దున్నే మంచు రాలుతుంటే నది ఒడ్డున ఒక్కతే నడుస్తూ ఆ మాటలే వల్లించేది. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుంటే కింద వీధిలో ట్రాములు వెలుగులు మోసుకుంటూ పోయేవి. అప్పుడూ అవే మాటలు.

హేడ్విగ్ మేడమ్ కర్ర ఊతంగా మెల్లగా రంగస్థలం మీదికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పదని ఆమెకు పేరు.

"నా తప్పెక్కడుంది మేడమ్?" అంది సువర్చల. "ఊపిరి పట్టడంలోనా, నిలబడటంలోనా? మా తాత వీధిభాగోతంలో వేషం కట్టేవాడు. మైకు లేకుండానే ఆయన గొంతు చేల దాకా పోయేది. నాకెందుకు రాదు?"

"మీ తాత జనం ముందుకు ఎట్లా వచ్చేవాడు?"

సువర్చల ముఖం వెలిగింది. తనకు బాగా తెలిసిన సంగతి అది.

"ఇద్దరు తెర పట్టుకునేవాళ్లు. తాత దాని వెనక నిలబడేవాడు. హాస్యగాడు వచ్చి, నువ్వెవరు, ఎందుకొచ్చావు అని సతాయించేవాడు. జవాబు నచ్చితేనే తెర తీసేవాళ్లు. మీ నాటకాల్లోనూ ఒకప్పుడు హాస్యగాడు ఉండేవాడు కదా మేడమ్! ఇద్దర్నీ పోలుస్తూ వ్యాసం రాశాను."

"చదివాను, బాగుంది. మా హాస్యగాణ్ణి మర్యాద తెలియనివాడని పెద్దమనుషులు నాటకాల్లోంచి గెంటేశారు." మేడమ్ వెనక్కి తిరిగింది. "టిల్మన్! ఇట్రా ఒకసారి."

టిల్మన్ సువర్చలతో పాటు చదివే పొడుగాటి కుర్రాడు. మేడమ్ సామాన్ల పెట్టెలోంచి ఒక పాత దుప్పటి లాగి, ఒక కొస అతని చేతికిచ్చింది. కర్ర కింద పడేసి రెండో కొస తనే పట్టుకుంది. దుప్పటి సువర్చల ముందుకు వచ్చి నిలిచింది. ఆమెకు నవ్వాగలేదు.

"ఎవరమ్మా తెర వెనక?" మేడమ్ హాస్యగాడిలా గొంతు కీచుగా మార్చి అడిగింది.

"పరదేశిని. కోట తలుపు..."

"అది నాటకంలో ఆవిడ. ఆవిణ్ణి నేనెరుగుదును. నువ్వెవరు?"

"వీధిభాగోతం ఆడిన ఓబన్న మనవరాలిని."

"అది మీ తాత గొప్ప. నువ్వెందుకొచ్చావు?"

"చదువుకోవడానికి."

"దానికింత దూరమెందుకు? పుస్తకాలు మీ ఊరికి పోస్టులో వస్తాయే!"

టిల్మన్ పకపకా నవ్వాడు. "తొందరగా ఏదో ఒకటి చెప్పెయ్ తల్లీ, చేతులు పడిపోతున్నాయి."

"దించకు," అంది మేడమ్. "జవాబు నచ్చాలట. వాళ్ల పద్ధతి."

సువర్చల తన వ్యాసంలోని మాటలు నాలుగు అప్పజెప్పింది. కళ గురించి, దేశాల మధ్య వంతెనల గురించి. తెర కదల్లేదు.

"పోనీలే," అంది మేడమ్. ఆ కీచుగొంతు ఎప్పుడు పోయిందో, అది ఆమె మామూలు గొంతు. "ఈ ఊరొచ్చాక ఎవరితో కూర్చుని అన్నం తింటున్నావు?"

సువర్చల తలెత్తి చూసింది. దుప్పటి అంచు మీద ముసలావిడ వేళ్లు కనిపిస్తున్నాయి. బరువుకు అవి వణుకుతున్నాయి. అయినా కిందికి దిగడం లేదు. టిల్మన్ కూడా నవ్వు మానేశాడు.

"ఎవరితోనూ కాదు," అంది సువర్చల గుసగుసగా.

"ఏమంది?" అన్నాడు టిల్మన్.

తెర అలాగే ఉంది.

"ఎవరితోనూ కాదు!" చివరి వరస దాకా హాలు మొత్తం మోగింది. "మీ మాటలు నాకు సగం అర్థం కావు. అందరూ నవ్వితే నేనూ నవ్వుతాను. నోరు తెరిస్తే నా తెలివితక్కువతనం బయటపడుతుందని భయం. ఎవరైనా రమ్మని పిలిస్తే పనుందంటాను. నాకే పనీ లేదు టిల్మన్! గదికెళ్లి, తలుపేసుకుని, మీరు మళ్లీ వచ్చి పిలుస్తారేమోనని కూర్చుంటాను."

మేడమ్ తన చేతిలోని కొస వదిలేసింది, తెర కిందికి జారింది.