వేదాద్రి పాసు, తాయారమ్మ గడియారం

ఆ శనివారం ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు, హైదరాబాదులో నగర దర్శనం బస్సులు బయలుదేరే చోట, ఏ విషయమూ ఓ పట్టాన తేల్చుకోలేని వేదాద్రి టికెట్ల కిటికీ ముందు ఎటూ పాలుపోక నిలబడి ఉన్నాడు.

వేదాద్రిది కావలి. అక్కడ పెన్నులు, పుస్తకాల కొట్టు నడుపుతుండేవాడు. మనసు మంచిదే, దైవభక్తీ ఉంది. కానీ అరటిపళ్ళు కొనాలన్నా బజారులో బండ్లన్నీ తిరిగి, ఏవి మేలో తోచక వట్టి సంచీతో ఇంటికి వచ్చేవాడు. "మీరు బజారుకు వెళ్ళిన రోజున దేవుడికి బెల్లం ముక్కే నైవేద్యం" అని భార్య వకుళ దెప్పుతుండేది.

తల్లి పోయాక అతన్ని పెంచింది మేనత్త తాయారమ్మ. తనకిది కావాలని ఎవరినీ అడిగి ఎరగని మనిషి. అలాంటిది ఆ ఏడు మొదటిసారి నోరు తెరిచి, ఒక్కసారి హైదరాబాదు వెళ్ళాలని ఉందిరా అంది. వేదాద్రి పొంగిపోయాడు. ఎందుకని అడగలేదు. అత్తకు ఊరంతా చూపించాల్సిందే అనుకుని కొట్టుకు తాళం వేశాడు. ముగ్గురూ శుక్రవారం రాత్రి నాంపల్లిలో ఓ లాడ్జిలో దిగారు. ఆదివారం పొద్దున్నే తిరుగు రైలు. చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే.

కిటికీ దగ్గర ఒక పాసు అమ్ముతున్నారు. అది కొంటే రోజంతా బస్సులో తిప్పి కోట, సమాధులు, జూ, మ్యూజియం, ఇంకా ఎన్నో చూపిస్తారు. లోపలికి వెళ్ళే టికెట్లు కూడా అందులోనే. కొనకపోతే ఇష్టమైన చోటికి ఆటోలో పోవచ్చు, ఎక్కడికక్కడ టికెట్టు కొనుక్కోవాలి. ఏది లాభం? వేదాద్రి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. అన్నీ చూస్తే పాసు లాభం. సగమే చూస్తే నష్టం. అత్త మోకాళ్ళతో సగమైనా చూడగలదా? చూడలేకపోతే ఆటో మేలు. మరి ఆటోవాడు ఎక్కువ అడిగితే? లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది.

వరుసలో ముందున్నాయన్ని అడిగితే కళ్ళు మూసుకుని కొనెయ్యమన్నాడు. వెనకున్నావిడ, పోయినసారి కొని కాళ్ళు వాచిపోయాయనీ, వద్దనీ చెప్పింది. ఇంకొకాయన వాళ్ళిద్దరి మాటా నిజమేనన్నాడు. దాంతో వేదాద్రికి ఉన్న మతి కూడా పోయింది. కిటికీలో మనిషి విసుక్కుని పక్కకు జరగమన్నాడు.

పక్కకు జరిగాక గుర్తొచ్చింది, శనివారం తొమ్మిది నుంచి రాహుకాలమని. హమ్మయ్య అనుకున్నాడు. పాపం, రాహువు ఆ పూట అతనికి మంచి సాకుగా దొరికాడు.

తాయారమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "వేదా, నాకు అన్నీ అక్కర్లేదురా..."

"ఉండత్తా, లెక్క తప్పుతోంది" అన్నాడు వేదాద్రి.

వకుళ ఏదో చెప్పబోయింది. తాయారమ్మ ఆమె చెయ్యి నొక్కింది. పిల్లవాడు నా కోసమే కదా అంత హైరానా పడుతున్నాడు, పోనీలే అని ఆమె ఉద్దేశం.

రాహుకాలం గడిచింది. వేదాద్రి ఇంకా తేల్చుకోలేదు. పక్క సందులో చిన్న ఆంజనేయస్వామి గుడి కనిపించింది. చటుక్కున జేబులోంచి కాగితం తీసి చించి, ఒక ముక్క మీద 'కొనాలి' అనీ, ఇంకో ముక్క మీద 'వద్దు' అనీ రాసి, మడిచి స్వామి పాదాల ముందు పెట్టాడు. కళ్ళు మూసుకుని ఒకటి తియ్యమని అత్తకు చెప్పాడు. ఆమె దణ్ణం పెట్టుకుని తీసింది. 'వద్దు' అని వచ్చింది. వేదాద్రి మొహం వేలాడేశాడు. మనసు నిలపకుండా వేశానేమో, మళ్ళీ వేద్దామన్నాడు. ఈసారి 'కొనాలి' అని వచ్చింది. ఇప్పుడు దేన్ని నమ్మాలి?

తీర్థం ఇస్తున్న పూజారిగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు.

"సముద్రాన్నే ఎగిరి దాటినవాడు నాయనా, ఆయన. బస్సు టికెట్ల సంగతి ఆయన్నడిగితే ఏం చెబుతాడు? మీతో వచ్చినవాళ్ళని అడగండి" అన్నారు.

వకుళ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. వేదాద్రికి మాత్రం ఆ మాట చెవికెక్కలేదు. మూడోసారి వేశాడు. 'కొనాలి' అని వచ్చింది. పరుగున వెళ్ళి మూడు పాసులు కొన్నాడు.

ఇక ఆ రోజు ఎలా గడిచిందని చెప్పను? కొన్నాక అన్నీ చూడకపోతే నష్టం కదా. కోట మెట్ల మీద తాయారమ్మ ఆయాసపడుతుంటే ఇంకొంచెమే అత్తా అన్నాడు. జూలో పులి నిద్రపోతుంటే, అది లేచేదాకా ఆగుదామా వద్దా అని కాసేపు తికమకపడ్డాడు. దిగిన ప్రతిచోటా పాసు మీద ఆ పేరు దగ్గర చిల్లు కొట్టేవారు. చిల్లు పడ్డప్పుడల్లా అతనికి సంబరం. తాయారమ్మ మాత్రం బస్సెక్కిన ప్రతిసారీ, తరవాత మ్యూజియమేనా అమ్మా అని వకుళను అడిగేది.

మ్యూజియం ఆఖరున వచ్చింది. దారిలో పాతబస్తీ రద్దీలో బస్సు ఇరుక్కుంది. తీరా దిగేసరికి అది మూసే వేళ. జనం బయటికి వస్తున్నారు. తాయారమ్మ గేటు ఊచలు పట్టుకుని కాసేపు లోపలికి చూసింది. "పోనీలేరా, గోడైనా చూశాం" అని చెప్పి వెనక్కి తిరిగింది.

లాడ్జిలో ఆమె అలసి పడుకున్నాక వేదాద్రి పాసు తీసి చూసుకుంటూ, ఒక్కచోట తప్ప అన్నీ చిల్లులే, మొత్తానికి లాభమే అన్నాడు.

వకుళ మంచినీళ్ళ చెంబు కింద పెట్టింది.

"చిల్లు పడని ఆ ఒక్కదాని కోసమేనండీ మీ అత్తయ్య వచ్చింది."

వచ్చేటప్పుడు రైల్లో తాయారమ్మ తనతో అన్న సంగతి అప్పుడు చెప్పుకొచ్చింది. తాయారమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెను ఆ మ్యూజియానికి తీసుకొచ్చాడట. అక్కడి పెద్ద గడియారంలో గంట గంటకీ ఒక చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఆ రోజు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆయన రెండు చేతులా సామాను, పిల్లను ఎత్తుకోలేకపోయాడు. పిల్లకు అందరి వీపులే కనిపించాయి, గంట మాత్రం వినిపించింది. ఆ బొమ్మ మనిషికి గడ్డం కూడా ఉందమ్మా అని ఆయన చెప్పాడు. నిజంగా చూసి చెప్పాడో, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి చెప్పాడో ఆమెకు ఇన్నేళ్ళూ తేలలేదు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వేదాద్రి.

"ఆవిడ చెప్పబోతే లెక్క తప్పుతోందన్నారు. వరుసలో వాళ్ళని అడిగారు. ఆంజనేయస్వామిని మూడుసార్లు అడిగారు. ఆవిణ్ణి ఒక్కసారి అడిగారా?"

వేదాద్రి పాసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత లేచి, స్టేషనుకు వెళ్ళి, పొద్దుటి రైలు టికెట్లు రద్దు చేయించి వచ్చాడు. రేపు రాత్రి రైల్లో అత్తను కూర్చోబెట్టి, మనం నిలబడైనా పోదాం అన్నాడు. పెళ్ళయ్యాక అతను ఒక్క మాటతో తేల్చిన సంగతి అదే మొదటిదని వకుళ ఇప్పటికీ చెబుతుంది.

మర్నాడు ఉదయం ముగ్గురూ స్నానాలు చేసి, ఇడ్లీలు తిని, వచ్చిన మొదటి ఆటో ఎక్కి తిన్నగా మ్యూజియానికి వెళ్ళారు. ఇంకేమీ చూడలేదు. గడియారం ముందు మొదటి వరుసలో అత్తను కూర్చోబెట్టి, చెరో పక్కనా కూర్చున్నారు. జనం నిండారు. పన్నెండవుతుండగా బుల్లి తలుపు తెరుచుకుంది. చిన్న మనిషి వచ్చి గంట కొట్టడం మొదలుపెట్టాడు. తాయారమ్మ రెండు చేతులూ జోడించింది. ఆఖరి గంట మోగాక మేనల్లుడి వైపు తిరిగింది.

"గడ్డం ఉందిరా వేదా. నాన్న చూసే చెప్పాడు" అంది.

నీతి: ఎవరి సంతోషం కోసం బయలుదేరామో వాళ్ళ మనసులో ఏముందో ముందు అడిగి తెలుసుకోవాలి, ఆ ఒక్క మాట అడగనివాడికి ఎన్ని లెక్కలు వేసినా, ఎందరు దేవుళ్ళను అడిగినా దారి తెలియదు.